‘బట్టలు మీ ఇష్టం’ అంటే ఎవరిష్టం?

ప్రశ్న: అక్కా, మేం డల్లాస్ దగ్గర ఉంటాం. నాకు 41, ఆయనకి 44. ఇద్దరు పిల్లలు. వచ్చే ఫిబ్రవరికి మా పెళ్లయి పదిహేనేళ్లు. ఆయన నాకు తెలియకుండా జమైకాలో, నెగ్రిల్ బీచ్ మీద ఒక రిసార్ట్‌లో అయిదు రాత్రులు బుక్ చేసి, అడ్వాన్స్ కట్టేశాక చెప్పారు. తిండి, తాగుడు, ఆటలు అన్నీ కలిపి ఒకే ధర, పిల్లలకి ప్రవేశం లేదు. అంతవరకూ సంతోషమే. తర్వాత వెబ్‌సైట్ తెరిచి చూస్తే, అక్కడ బట్టలు వేసుకోవడం, మానడం మన ఇష్టమట! అడిగితే “నచ్చకపోతే వేసుకునే ఉండు, ఎవరూ లాగరు” అని నవ్వేశారు. ఆఫీసులో ఎవరో వెళ్లొచ్చి చెప్పారట. నాకు అసహ్యమేం లేదు. నిజం చెప్పాలంటే కాస్త కుతూహలం కూడా ఉంది. కానీ రెండు సిజేరియన్ల పొట్ట నాది. ఎవరైనా ఫోటో తీస్తే? మనవాళ్లు ఎదురైతే? పిల్లల్ని చూసుకోవడానికి అత్తగారు గుడివాడ నుంచి వచ్చి ఉన్నారు, ఆవిడకి ఏమని చెప్పాలి? వద్దంటే నేను పాతకాలం మనిషినా? పేరు వేయకండి.

సమాధానం:

పేరు వద్దన్న చెల్లెమ్మకి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. “నాకు ఇష్టం లేదు” అని మీరు ఎక్కడా రాయలేదు. కుతూహలం ఉందని ఒప్పుకున్నారు కూడా, ఆ ధైర్యం నాకు నచ్చింది. నన్ను ఆపింది వేరే మాట: “అడ్వాన్స్ కట్టేశాక చెప్పారు.” పొట్ట, ఫోటోలు, అత్తగారు, మనవాళ్లు, ఇవన్నీ దాని వెనక వరసకట్టిన భయాలు. మీవారు ముందే కూర్చోబెట్టి అడిగుంటే వీటిలో సగం పుట్టేవే కావు.

అందుకని పాతకాలమా కొత్తకాలమా అన్న లెక్క పక్కన పెట్టేద్దాం. చీర కొనేటప్పుడు కూడా “ఏ రంగు కావాలి” అని అడిగే మొగుడు, అసలు చీరే అక్కర్లేని చోటికి మాత్రం అడక్కుండా డబ్బు కట్టాడు. ఆ మాట ఆయనతో ఒకసారి సూటిగా అనేయండి. పోట్లాట అక్కర్లేదు, కానీ నవ్వుతూ దాటేయనివ్వద్దు. “ఎవరూ లాగరు” అన్నది నిజమే కావచ్చు. లాగకుండా కూడా మనిషిని ఒప్పించే పద్ధతులు సంసారంలో బోలెడు ఉంటాయని పదిహేనేళ్ల కాపురంలో మీకు నేను చెప్పాలా.

ఇప్పుడు, అసలు మీరు వెళ్తున్నది ఎలాంటి చోటికి? రిసార్ట్ పేరు రాయలేదు. “బట్టలు మీ ఇష్టం” అన్న బోర్డు కరీబియన్‌లో చాలా చోట్ల కనిపిస్తుంది గానీ, దాని వెనక ఉండే లోకాలు వేరు వేరు. ఆ తేడా తెలుసుకోకుండా వెళ్తే అన్నవరానికి టికెట్ కొని అరకులో దిగినట్టుంటుంది.

ఒకటి, యూరప్ నుంచి వచ్చిన పాత అలవాటు. జర్మన్లు, ఫ్రెంచివాళ్లు నూరేళ్లకి పైగా పాటిస్తున్నది. ఎండ, గాలి, ఈత, పుస్తకం, అంతే. అందులో శృంగారం పాలు మన పుష్కరాల రేవులో ఉన్నంతే ఉంటుంది. ఇంకొకటి, మామూలు జంటల రిసార్ట్‌లోనే ఒక మూల దానికి కేటాయించడం. ఓచో రియోస్ దగ్గర కపుల్స్ టవర్ ఐల్ అలాంటిదే. హోటల్ ఎదురుగా నీళ్లలో ఒక బుల్లి దీవి ఉంటుంది, పడవలో తీసుకెళ్తారు, బట్టలు విప్పి పడుకోవాలనుకున్నవాళ్లు అక్కడికి పోతారు. మిగతా హోటలంతా షరా మామూలే. నెగ్రిల్‌లో అదే కంపెనీ హోటల్లో కూడా ఇందుకు విడిగా బీచ్ ముక్క ఉంది.

మూడోది నెగ్రిల్‌లోనే ఉన్న హెడోనిజమ్ టూ. 1976లో నెగ్రిల్ బీచ్ విలేజ్ అన్న పేరుతో మొదలై, 1981లో ఈ పేరు పెట్టుకుంది. (హెడోనిజమ్ వన్ అనేది ఎప్పుడూ లేదు. ఎందుకు టూ అయిందో వాళ్లకే తెలియాలి.) అక్కడ రెండు వైపులు ఉంటాయి. ఒక వైపు మీ ఇష్టం. రెండో వైపు బీచ్‌లో మీ ఇష్టం ఉండదు, బట్టలు తీయాల్సిందే. గదులు కూడా ఆ వైపు, ఈ వైపు అని విడివిడిగా అమ్ముతారు. పార్టీలు, వేషాల రాత్రులు, పొద్దుపోయేదాకా హడావుడి. మెక్సికోలో కరీబియన్ తీరాన ప్యూర్టో మొరెలోస్ దగ్గరున్న డిజైర్ లాంటివి ఇంకో అడుగు ముందుకి వేసి, “లైఫ్‌స్టైల్” జంటలకి స్వాగతం అని బాహాటంగా చెప్పుకుంటాయి.

ఈ “లైఫ్‌స్టైల్” అన్న ముక్క దగ్గర జాగ్రత్త. మనకి ఆ మాట వింటే యోగా, ఆర్గానిక్ కూరగాయలు గుర్తొస్తాయి. ఈ లోకంలో దానికి అర్థం, భార్యాభర్తలు ఒప్పుకుని వేరే జంటలతో కలవడం. పెద్దవాళ్లు ఇష్టపడి చేసుకునే పని, నేను తీర్పు చెప్పను. కానీ మీవారికి ఈ చోటు గురించి చెప్పిన ఆఫీసు మనిషి ఏ రకం రిసార్ట్‌కి వెళ్లొచ్చాడు, మీవారు ఏమనుకుని బుక్ చేశారు, ఈ రెండూ మీకు తెలియాలి. ఆయన్నే అడగండి: “మనం ఎండకి వెళ్తున్నామా, పార్టీకి వెళ్తున్నామా, ఇంకేమైనానా?” జవాబు చెప్పడానికి ఆయన ఎంతసేపు తీసుకుంటారో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. తర్వాత మీరే హోటల్‌కి ఫోన్ చేయండి. మన గది ఏ వైపు, ఏ బీచ్‌లో విప్పడం తప్పనిసరి, ఆ వారంలో ఏదైనా గ్రూపు వాళ్లు హోటల్ మొత్తం తీసుకున్నారా. ఆ మూడో ప్రశ్న ఎవరూ అడగరు, అడిగితీరాలి. వారాన్ని బట్టి ఆ హోటళ్ల మనుషులూ మారతారు, వాతావరణమూ మారుతుంది.

పొట్ట సంగతికి వస్తాను. ఇందులో నాకు కొంచెం స్వానుభవం ఉంది, గొప్పదేం కాదు. పన్నెండేళ్ల కిందట ఫ్లోరిడా నుంచి ఓడ ఎక్కి మేం కరీబియన్ తిరిగాం. సెయింట్ మార్టిన్ దీవి కొంత డచ్చివాళ్లది, కొంత ఫ్రెంచివాళ్లది. ఓడ డచ్చి వైపు ఆగుతుంది. అక్కడి నుంచి టాక్సీలో ఫ్రెంచి వైపు ఓరియెంట్ బే అనే బీచ్‌కి పోయాం. దాని దక్షిణపు కొసన బట్టల్లేకుండా ఉంటారని ఓడలో ఎవరో చెప్పారు. నిజం ఒప్పుకుంటాను, చూడ్డానికే వెళ్లాం. నేను నీలం రంగు చుడీదార్, మావారు ప్యాంటు మడిచి చేతిలో చెప్పులు. ఆ కొసన అంతా అరవై, డెబ్బై ఏళ్లవాళ్లు. జారిన పొట్టలు, మోకాలి ఆపరేషన్ గీతలు, ఒకావిడకి ఒక రొమ్ము లేదు. ఆవిడ టోపీ పెట్టుకుని గళ్లనుడికట్టు నింపుకుంటోంది. ఎవరూ ఎవర్నీ చూడటం లేదు. చూసింది ఒక్క మమ్మల్నే! అంత పెద్ద ఇసకలో నిండా బట్టలేసుకున్నది మేమిద్దరమే మరి. పది నిమిషాల్లో సిగ్గేసి తిరిగొచ్చేశాం. బట్టలుండి సిగ్గుపడటం నాకు అదే మొదలు, అదే చివర. (ఆ కొసనున్న క్లబ్ ఓరియెంట్ అనే రిసార్ట్ 2017 సెప్టెంబరులో వచ్చిన ఇర్మా తుపానులో ధ్వంసమైపోయింది.)

మీ సిజేరియన్ గీత అక్కడ ఎవరికీ వార్త కాదని చెప్పడానికి ఇదంతా. పార్టీ తరహా చోట్ల సోకు కాస్త ఎక్కువ ఉంటుంది, అక్కడ కూడా వయసులో మీరు పెద్దవాళ్లేం కారు. అయితే ఇంకో నిజం చెప్పాలి. ఇలాంటి చోట్ల మన రంగువాళ్లు తక్కువ. కాబట్టి మొదటి గంట మీ మీద చూపు పడొచ్చు. అది పొట్ట మీద పడే చూపు కాదు, “ఎక్కడి నుంచి వచ్చారు” అనే చూపు.

మీవారికి కూడా లోపల ఒక భయం ఉంటుంది, అడిగినా చెప్పరు. ఒళ్లు మాట వినకపోతే ఎలా అని. బోర్లా పడుకోవడమో, ఒళ్లో తువ్వాలు వేసుకోవడమో, నీళ్లలోకి దిగడమో చేస్తే సరిపోతుంది. ఎవరూ పట్టించుకోరు. అన్నట్టు, తువ్వాలు లేకుండా కుర్చీ మీద కూర్చోకూడదు. ఈ లోకం అంతటా ఉన్న ఒకే ఒక్క మడి ఇది. భోజనాల గదికి చాలాచోట్ల బట్టలు కట్టుకునే వెళ్లాలి.

ఫోటోల మాట. బట్టలు విప్పే భాగాల్లో సాధారణంగా ఫోటోలు తీయడం నిషేధం, పట్టుబడితే గట్టిగానే మందలిస్తారు. అంతమాత్రాన నూటికి నూరు భద్రమని నేను అనలేను. కెమెరా ఉన్న కళ్లజోళ్లు బజార్లోకి వచ్చేశాయి. సముద్రం వైపు గోడ కట్టలేరు, పడవలు పోతూనే ఉంటాయి. మీ ఉద్యోగం, మీ పేరు, మీ మనసు తట్టుకోలేని ప్రమాదం అనిపిస్తే అది పిరికితనం కాదు, లెక్క. పెద్ద టోపీ, నల్లకళ్లద్దాలు పెట్టుకుంటే ముఖం చాలావరకు దాగుతుంది. ఒళ్లు చూసి మనిషిని గుర్తుపట్టే తెలుగువాడు ఇంకా పుట్టలేదు.

మనవాళ్లు ఎదురైతే? ఎదురైనవాళ్లు కూడా ఆ గేటులోంచే లోపలికి వచ్చారుగా. ఇద్దరి గుట్టూ ఇద్దరి చేతిలో ఉంటుంది, అంతకన్నా గట్టి తాళం లేదు. నాకు భయం వేరే చోట. మీవారికి ఆఫీసులో చెప్పిన మనిషి ఉన్నాడు. మీవారు ఈపాటికి ఇంకెంతమందికి చెప్పారు? డల్లాస్‌లో ఒక శనివారం పాట్‌లక్ చాలు, ఆదివారం పొద్దున్నకి ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్ దాకా వాట్సాప్‌లో తెలిసిపోతుంది. మన పరువు కెమెరాల వల్ల పోయిన దాఖలాలు తక్కువ, మన నోళ్ల వల్ల పోయినవే ఎక్కువ. ఎవరికి ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు అన్నది బయల్దేరకముందే ఇద్దరూ అనుకోండి. తిరిగొచ్చాక కూడా.

ఇక ఒప్పందం. నేనైతే ఇలా పెడతాను. మొదటి రోజు ఇద్దరూ బట్టల్లోనే, చోటు చూడ్డానికే. తర్వాత ప్రతి పొద్దుటా ఎవరిది వాళ్లే తేల్చుకోవాలి. నిన్న విప్పారని ఈరోజు విప్పాలని లేదు. ఒకరు “గదికి పోదాం” అంటే రెండోవాళ్లు కారణం అడక్కుండా లేవాలి, కారణం గదిలో మాట్లాడుకోవచ్చు. మందు కట్టిన డబ్బులోనే కలిసి ఉంటుంది కదా అని పోస్తూనే ఉంటారు. కాబట్టి రెండో గ్లాసు తర్వాత కొత్త నిర్ణయాలేవీ ఉండకూడదు. వేరే జంట వచ్చి పలకరిస్తే పలకరించండి, అంతకుమించి ఏదైనా అడిగితే “నో, థాంక్స్” సరిపోతుంది. ఆ మాటకి అక్కడ బాగానే విలువిస్తారని విన్నాను. మీవారు కూడా అంతే విలువిస్తారా అన్నదే మీరు చూసుకోవాలి.

ఇవి విని ఆయన ముఖం ముడుచుకుంటే వెళ్లొద్దు. డబ్బు పోతుందా? కొంత పోతుంది. ముందు హోటల్‌ని తేదీలు మార్చమనో, వేరే హోటల్‌కి మార్చమనో అడగండి. అమెరికాలో ఏ కారణానికైనా రద్దు చేసుకునే ప్రయాణపు బీమా ఒకటుంది. మొదటి అడ్వాన్స్ కట్టిన రెండు మూడు వారాల్లోపే కొనాలి, కొంటే సగం నుంచి ముప్పాతిక దాకా వెనక్కి వస్తుంది. ఆ గడువు దాటలేదేమో ఈరోజే చూడండి.

వెళ్లాలనుకుంటే, బట్టలకన్నా ముందు కాగితాలు. వీసా సంగతి మీరు రాయలేదు. భారత పాస్‌పోర్టుతో టూరిస్టుగా జమైకా వెళ్లడానికి ముందస్తు వీసా అక్కర్లేదు, తిరిగి అమెరికాలోకి రావడమే కష్టం. హెచ్‌1బి, హెచ్‌4 మీద ఉంటే పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఉండి తీరాలి. గడువు దాటిన స్టాంపుతో కూడా నెలలోపు తిరిగి రావచ్చన్న వెసులుబాటు కెనడా, మెక్సికోలకే. హెచ్ వీసా వాళ్లకి జమైకా అందులోకి రాదు. చేతిలో అప్రూవల్ కాగితం ఉంది కదా అని వెళ్తే, మీ అత్తగారు పిల్లల్ని నెలలపాటు సాకాల్సి వస్తుంది.

ఫిబ్రవరి మంచి నెలే, వానలు తక్కువ, తుపాన్ల కాలం నవంబరుతో అయిపోతుంది. అయితే 2025 అక్టోబరు 28న మెలిస్సా తుపాను అయిదో కేటగిరీ బలంతో జమైకా నైరుతి తీరాన్ని, వెస్ట్‌మోర్‌ల్యాండ్ వైపే, కొట్టింది. నెగ్రిల్ ఆ పక్కనే. రిసార్ట్‌లో ఏవి పూర్తిగా తెరిచారో, ఏవి మరమ్మతులో ఉన్నాయో ఫోన్‌లో అడగండి. విమానం దిగేది మాంటెగో బే, అక్కడి నుంచి కారులో గంటన్నర. ఆ తీరాన్ని ఏడు మైళ్ల బీచ్ అంటారు, నిజానికి నాలుగు మైళ్ల చిల్లర. పేర్లు పెట్టడంలో వాళ్లు మనలాగే.

ఎండ గురించి చెప్పకపోతే పాపం. నెగ్రిల్ దాదాపు మన కరీంనగర్ అక్షాంశం మీదే ఉంది. “మనం చామనఛాయ, మనకేం అవుతుంది” అనుకోవద్దు. పుట్టినప్పటి నుంచీ ఎండ చూడని చర్మం గంటలోపే కమిలిపోతుంది, ఆపైన మూడు రోజులు కూర్చోలేరు. ఎస్‌పీఎఫ్ 50 లోషన్ ఒంటికంతటికీ కలిపి ముప్పై మిల్లీలీటర్లు, అంటే చిన్న మందుగ్లాసు నిండా. రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. నల్లపూసలు, మట్టెలు, ఉంగరాలు గది లాకర్లో పెట్టండి. లోషన్ జిడ్డుకి, ఉప్పునీటికి వేళ్ల నుంచి బంగారం ఇట్టే జారుతుంది. పైగా మెడలో గొలుసుతో ఎండలో పడుకుంటే దాని అచ్చు వారాలపాటు మెడ మీద ఉంటుంది, అత్తగారి కళ్లు ముందు పడేది అక్కడే.

మీవారి సూట్‌కేసులో మిలిటరీ ఆకుపచ్చ మచ్చల నిక్కరు ఉంటే తీసేయండి. జమైకాలో మామూలు జనం అలాంటి గుడ్డ వేసుకోవడం చట్టవిరుద్ధం. రిసార్ట్ గోడ లోపల ఏమీ లేకుండా తిరగొచ్చు, ఆ నిక్కరుతో మాత్రం తిరగకూడదు! గోడ బయట ఆ దేశం ఆదివారం చర్చికి ఇస్త్రీ బట్టలతో వెళ్లే దేశం. గేటు దాటి బయటికొస్తే నిండుగా ఉండండి. లోపల కూడా, రోజంతా పూర్తిగా బట్టలేసుకుని ఉండేవాళ్లు పనివాళ్లు ఒక్కరే. ఎవరైనా గది ఊడవడానికి తలుపు తడితే చీరో, తువ్వాలో చుట్టుకుని తలుపు తీయడం మన మర్యాద. గంజాయి అక్కడ ఎవరో ఒకరు ఇవ్వబోతారు. 2015 నుంచి రెండు ఔన్సుల దాకా ఉంటే జరిమానాతో సరిపెడుతున్నారు గానీ, వీసా మీద బతికేవాళ్లకి ఆ వాసన కూడా వద్దు.

అత్తగారికి ఏం చెప్పాలన్నారు. “పెళ్లిరోజుకి జమైకా వెళ్తున్నాం, సముద్రం ఒడ్డున హోటలు.” ఇంతే, ఇది పూర్తి నిజం. ఆవిడ కొడుకు, కోడలు గది తలుపు వేసుకున్నాక ఏం చేస్తారో ఇన్నేళ్లలో ఆవిడ అడగలేదుగా. హోటల్ ఫోన్ నంబరు మాత్రం ఇచ్చి తీరాలి, పిల్లలకి జ్వరమొస్తే దొరకాలి కదా. హోటల్ పేరు మాత్రం నమ్మకమైన స్నేహితురాలి దగ్గర ఉంచండి, ఫ్రిజ్ మీద అంటించకండి. అత్తగారు వెతకరు, కానీ మీ పిల్లలు ఆ పేరు నిమిషంలో వెతికేస్తారు.

మీరు శాకాహారులైతే వంటవాళ్లకి ముందే చెప్పండి. అక్కడ ప్యాటీ (మన పఫ్ లాంటిది) అంటే ఎక్కువగా గొడ్డుమాంసంతో చేసినదే. “రైస్ అండ్ పీస్” అంటే బటానీ అన్నం అనుకునేరు, కొబ్బరిపాలలో రాజ్మా వేసి వండుతారు, బాగుంటుంది. రాస్తఫారీలు అనే అక్కడి మతం వాళ్లు ‘ఐటల్’ అని పిలుచుకునే వంటలో మాంసం ఉండదు. కల్లలూ అని పొద్దున ఫలహారంలో ఒక ఆకుకూర పెడతారు. ఉల్లిపాయ, టమాటా, ఒక ఘాటైన మిరపకాయ వేసి మగ్గిస్తారు. కొందరు ఎండుచేప కూడా కలుపుతారు, అడిగి పెట్టించుకోండి. అది అచ్చంగా మన తోటకూర జాతే.

ఫోన్ చేసినప్పుడు అత్తగారు ముందు అడిగేది “అక్కడ ఏం తింటున్నారే” అనే. తోటకూర, కొబ్బరిపాల అన్నం అని చెప్పండి. ఆవిడ తృప్తిపడి ఫోన్ పిల్లలకిస్తారు.